అత్తయ్య గ్రహం మీద తొలి వాన

మా అత్తయ్య ఫోన్‌లో ఒక ఆట ఆడుతుంటారు. అందులో మనుషులు ఎడారి గ్రహానికి వలసవెళ్లి, దాన్ని మెల్లగా పచ్చగా మార్చుకోవాలి. ఈ రోజు మిట్టమధ్యాహ్నం "అరె, బారిష్ వచ్చేసింది!" అని ఆవిడ కేకేశారు. మేడమీద ఆరబెట్టిన వడియాలు గుర్తొచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అరికాళ్లు కాలిపోయాయి. ఆకాశంలో మబ్బుతునక లేదు.

కుంటుతూ కిందికొచ్చి, "వానెక్కడ అత్తయ్యా?" అన్నాను.

"ఇక్కడ కాదే, నా గ్రహం మీద! ఎన్నాళ్ల నుంచి చెట్లు నాటుతున్నాను! ఆఖిర్‌కి పడింది," అంటూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "వేడివేడిగా పకోడీలు వెయ్యవే."

ఆ కళ్లు చూశాక కాదనలేకపోయాను. రాయ్‌పూర్ ఎండలో చెమటలు కక్కుతూ వేశాను. ఫోన్‌లో పడ్డ వానకి పకోడీలు వేసిన కోడళ్లు ఇంకెవరైనా ఉంటే చెయ్యెత్తండి.