నీళ్ళ గొట్టంలో రెండు గీతలు

అనంతపురంలో పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతున్నాను. నోటి జబ్బున్నవాళ్ళ ఉమ్మిలో, కొందరికే ఉండే ఒక జన్యు మార్పును వెతకడం నా పని. ఆరు నెలలుగా ప్రతి నమూనాలోనూ అది కనిపిస్తూనే ఉంది. రెండుసార్లు ఉత్త నీళ్ళు పోసిన గొట్టంలోనూ కనిపించింది. ఆ రెంటినీ నోటుబుక్కులో రాయలేదు. మా సారుకు చెప్పే ధైర్యం లేక, చేతిపని మొదటి నుంచి నేర్పే ఒకరోజు శిక్షణకు బెంగళూరు వచ్చాను.

పొద్దున ఏడింటికి, రాత్రి బస చేసిన హూడిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లోనూ ఆర్.వి. రోడ్డులోనూ మారి, తొమ్మిదింటికి బొమ్మసంద్రలో దిగాను. టికెట్టు తొంభై రూపాయలు. ల్యాబు పేరు చెబితే ఆటో డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు.

"ఆడ రక్తం తీస్తారంట కదా సార్?"

"రక్తం కాదు, ఉమ్మి," అన్నాను. అతను అద్దాన్ని పక్కకు తిప్పేశాడు.

నేర్చుకునేవాళ్ళం నలుగురం. శిక్షకురాలు సుమగారు మా బుగ్గల లోపల దూదిపుల్లతో గీకించి, అందులోంచి డీఎన్‌ఏ తీయించారు. దాన్ని యంత్రంలో లక్షల రెట్లు పెంచితే ఒక్కొక్కరికి ఒక్కో చోట రెండేసి గీతలు వస్తాయట. పోల్చడానికి పెట్టే ఐదో గొట్టంలో నీళ్ళు మాత్రమే ఉంటాయి. అది నా వంతు.

యంత్రం తిరుగుతున్న రెండు గంటలూ రత్నమ్మ అనే ఆమె బల్లలు తుడుస్తూనే ఉంది. తుడిచినచోటే ఎందుకు తుడుస్తున్నావని అడిగాను.

"ఎంత తుడిచినా మనిషి పోడప్పా," అంది తల ఎత్తకుండా. "కండ్లకి కనపడడు. ఈడనే ఉండాడు."

నాలుగింటికి, ఆ డీఎన్‌ఏను వరసలుగా పరిచిన జెల్ పలకను దీపాలార్పి నీలికాంతిలో చూశాం. నలుగురి వరసల్లో గీతలు మెరిశాయి. ఖాళీగా ఉండాల్సిన ఐదో వరసలోనూ రెండు గీతలు మెల్లగా తేలాయి.

"వాటర్‌లో ఎవరో ఉన్నారు," అన్నారు సుమగారు చాలా నెమ్మదిగా. స్కేలు పెట్టి ఒక్కో వరసతో సరిచూసి, నా వైపు తిరిగారు. "నువ్వే. మాస్కు గడ్డం కిందికి లాగి, మూత తీసిన గొట్టం మీదికి వంగి మాట్లాడుతున్నావు పొద్దుట్నుంచి."

ఆరు నెలలుగా రోగుల గొట్టాల్లో నాకు కనబడింది ఎవరు?

బయటికొచ్చి సారుకు ఫోన్ చేసి, దాచిన రెండు ఫలితాల సంగతీ చెప్పాను. "ముందే చెప్పాల్సింది," అన్నారాయన. "సోమవారం రా. అన్నీ మళ్ళీ చేద్దాం."

నేను లేననుకున్న చోట ఉన్నానన్న సంగతి ఇంకా నన్ను వదల్లేదు. ఇప్పుడు మూత తీసేముందు ఊపిరి బిగబట్టుకుంటున్నాను. ఈ శిక్షణకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: తిరుగు రైలు అదే సాయంత్రానికి పెట్టుకోకండి. జెల్ చూసి బయటపడేసరికి ఐదవుతుంది, ఆ తర్వాత కాసేపు ఎక్కడైనా కూర్చోవాలనిపిస్తుంది.