జమ్లీ తీసేసిన గాజులు

గూడూరు దాటి అడవి దారిలో గుట్ట ఎక్కితే మూడు గదుల ఇల్లు ఒకటి వస్తుంది. వెదురు దడి మీద పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంటుంది: అచ్చమైన తండా ఆతిథ్యం. ఆతిథ్యం అనే మాట పుస్తకాల్లో చదివినప్పుడు నాకు బాగానే ఉండేది. ఆ ఫ్లెక్సీ చూశాక ఆ మాట నోట్లోకి రానియ్యడం మానేశాను.

జనగామ నుంచి, ఎప్పుడైనా హైదరాబాద్ నుంచి, కారులో గిరాకీని తెచ్చి అక్కడ దించడం నా పని. వాళ్లు గదుల్లో పడుకుంటారు, నేను వంటింటి పక్క వసారాలో పడుకుంటాను. అందుకే ఆ ఇల్లు నాకు వెనకవైపు నుంచి తెలుసు. వెనకనుంచి చూస్తే ఆ ఇల్లంటే జమ్లీయే.

జమ్లీ పుట్టింది గుట్ట కింది తండాలో. ఊహ తెలిసినప్పటి నుంచి మిరపకాయలు ఏరింది, ఎండాకాలం తునికాకు కోసింది. పెళ్లయ్యాక భర్త చాంద్యాతో కలిసి గుట్ట మీద మక్కజొన్న వేసింది. దగ్గర్లోని జలపాతం చూడ్డానికి వచ్చినవాళ్లు దాహానికి వాళ్ల ఇంటి ముందు ఆగేవారు. ఆమె నీళ్లిచ్చేది, ఆకలిగా ఉన్నారనిపిస్తే జొన్నరొట్టె పెట్టేది. ఒకసారి వాన పట్టుకొని కొందరు దిగలేకపోతే మంచాలు వాళ్లకిచ్చి, భార్యాభర్తలిద్దరూ మేకల కొట్టంలో పడుకున్నారు. గెస్ట్ హౌస్ అట్లా మొదలైంది. గదులు చాంద్యా కట్టాడు, ఇటుకలు జమ్లీ మోసింది. కొడుకు హరీష్ డిగ్రీ చదివి వచ్చి దానికి ఇంగ్లీషు పేరు పెట్టి ఫోన్‌లోకి ఎక్కించాడు.

ఫ్లెక్సీ మీద ఉన్నది చాంద్యా, జమ్లీ. అద్దాల రవిక, చెంపల మీదికి వేలాడే వెండి ఘుగ్రీలు, మోచేతి పైన భుజం దాకా తెల్లని బలియా గాజులు. అవి మొగుడున్న లంబాడా ఆడమనిషి వేసుకునేవి. చాంద్యా నిరుడు ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఆ రోజే తండా ఆడవాళ్లు వాటిని తీసేశారు.

"చేతులు వాసి బలియాలు రాలే బిడ్డా," అని ఒకసారి రొట్టె కొడుతూ చెప్పింది. "నూనె రాసి గుంజిండ్రు. మొగడు పోయినందుకు ఏడ్సిన్నో, చెయ్యి నొచ్చి ఏడ్సిన్నో నాకే తెల్వదు."

ఇప్పుడు ఆమెది వెలిసిన నేత చీర, బోడి చేతులు. ఫ్లెక్సీ చూసి వచ్చినవాళ్లు ఆమె చేతి రొట్టె తింటూనే, ఫొటోలోని ఆమె ఎక్కడ అని ఆమెనే అడుగుతుంటారు.

ఈ వానాకాలం హైదరాబాద్ జంటను తీసుకొచ్చాను. ఆయన పేరు చైతన్య, ఆమె సంధ్య. దారి పొడుగునా మూలాల గురించి, సంస్కృతి గురించి మాట్లాడుకున్నారు, చిప్స్ కవర్లు కిటికీలోంచి అడవిలోకి విసిరారు. దిగీ దిగగానే సంధ్య అడిగింది.

"ఫొటోలో ఉన్న ఆంటీ ఏరీ? ఆవిడతో వీడియో చేద్దామనే ఇంతదూరం వచ్చాం."

హరీష్ చేతులు నలుపుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. నేను గడప దగ్గర చాయ్ తాగుతున్నాను.

"యాడీ, జర గా బట్టలేసుకో," అన్నాడు. యాడీ అంటే వాళ్ల మాటలో అమ్మ.

"బట్టలేనా, బలియాలు గూడనా?"

"మొత్తం. ఫోటోల ఉన్నట్టు."

"ఫోటోల మీ బాపు గూడ ఉన్నడు. ఆయిన్ని గూడ తోల్కరా మరి."

"జరసేపే యాడీ. వాళ్లు వీడియో తీసుకోంగనే తీసెయ్."

"ఒక్కసారి తీసిండ్రు. చాలు నాకు."

"గిట్ల మొండికేస్తే ఎట్ల? వాళ్లు ఫోన్ల చెడ్డగ రాస్తే మల్ల గుట్ట ఎక్కేటోడు ఉంటడా?"

"రొట్టె తినేటోడు ఎక్కుతడు. నన్ను జూసేటోడు ఎక్కకుంటే పాయె."

హరీష్ నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పే అన్నా."

"మీసం గొరిగి నువ్వే ఏసుకోరాదు," అన్నాను.

జమ్లీ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. హరీష్ మొహం మాడ్చుకొని లోపలికి పోయాడు. ఇనప పెట్టె మూత చప్పుడైంది. ఆమె పొయ్యి మీది కూర చూసుకుంటూ పట్టించుకోలేదు.

జమ్లీ, నేను రొట్టెలు తీసుకొని ముందుకు వెళ్లేసరికి వరండాలో సంధ్య నిలబడి ఉంది. జీన్స్ మీద అద్దాల రవిక, చెంపలకు ఘుగ్రీలు, రెండు చేతులకూ బలియాలు. చైతన్య మోకాళ్ల మీద కూర్చొని ఫొటోలు తీస్తున్నాడు. హరీష్ ఆమె ఘుగ్రీలు సర్దుతున్నాడు. వాడి తండ్రి చనిపోయిన మంచం ఆ వరండాలోనే ఉండేది.

"రండి ఆంటీ, నా పక్కన నిలబడండి. అత్తాకోడళ్లలా ఉంటాం," అంది సంధ్య.

జమ్లీ పళ్లెం కింద పెట్టింది. "జర కూసో బిడ్డా. గవి ఇప్పుతా."

"ఇంకో రెండు ఫొటోలు ఆంటీ."

"కూసో."

సంధ్య కూర్చుంది. బలియాలు మోచేయి దాటి కిందికి రాలేదు. జమ్లీ వంటింట్లోంచి నూనె తెచ్చి, చెయ్యి తన ఒళ్లో పెట్టుకొని రాయసాగింది.

"మెల్లగా తియ్యండి. అంత తొందరేంటి, బంగారమా?" అన్నాడు చైతన్య.

"బంగారం గాదు సారు. నా మొగడు సచ్చిన దినం నా చేతులకెల్లి తీసినయ్. గిట్లనే, నూనె రాసి. నీ పెండ్లాం చేతికి ఎందుకని తీస్తున్న."

చైతన్య లేచి నిలబడ్డాడు. సంధ్య చేయి లాక్కొని, అంతలోనే మళ్లీ చాపి, "తొందరగా తియ్యండి, తొందరగా," అంటూ ఏడుపందుకుంది.

"విధవరాలి గాజులు నా భార్యకు తొడుగుతావా? అదీ శ్రావణమాసంలో?" అని చైతన్య హరీష్ మీదికి పోయాడు. అప్పటిదాకా అది సంస్కృతి.

"అవన్నీ మూఢనమ్మకాలు సార్," అన్నాడు హరీష్.

నాకు ఎవరిని చూసి ఎక్కువ రోత పుట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేను. జమ్లీ మాత్రం ఎవరి మాటా విననట్టు ఒక్కో గాజూ తీసి కొంగులో వేసుకుంది. చివరిది వచ్చేసరికి సంధ్య చెయ్యి ఎర్రగా కమిలింది. జమ్లీ అదే కొంగుతో దాన్ని తుడిచింది.

తిండి ముట్టకుండానే బయల్దేరారు. దారిలో సంధ్య సీసాల నీళ్లన్నీ చేతుల మీద పోసుకుంది. గూడూరులో గుడి కనబడితే ఆపమన్నారు, ఆపాను. కొబ్బరికాయ కొట్టి వచ్చి ప్రసాదం నాకూ పెట్టబోయారు. వద్దన్నాను.

హరీష్ ఆ తర్వాత తల్లిని బలియాలు వేసుకొమ్మని ఎన్నడూ అనలేదు. ఆమె మాటకు తలొగ్గి కాదు, గిరాకీ జడుసుకుంటుందని. పక్క తండా నుంచి సోని అనే ఆమెను కూలికి పెట్టుకున్నాడు. ఆమె మొగుడు జాల్యా బతికే ఉన్నాడు కాబట్టి ఆమె బలియాలు ఆమెకే ఉన్నాయి. కార్లు రాగానే ఆమె వచ్చి నిలబడి నవ్వుతుంది.

మొన్న వెళ్లినప్పుడు హరీష్ లేడు. ఎక్కడికి పోయాడని జమ్లీని అడిగాను.

"జాల్యాకు తాగుడెక్కువై కాళ్లు వాసినయ్. బండి మీద మానుకోట దవాఖానకు తోల్కపోయిండు. పండ్లు గూడ కొనిచ్చిండట. సీసా ముట్టనని ఒట్టేయించుకున్నడు."

"మంచి పనే గదవ్వా."

"మంచి పనే," అంటూ జమ్లీ పెనం మీది రొట్టె తిరగేసింది. "గాయిన సస్తే సోనిని గూడ మార్సాలె గద."