అబ్బులు టేపూ, నిద్రగన్నేరు నడుమూ

వన్‌టౌన్ టైలరు అబ్బులుకు మనుషుల కొలతల కన్నా చెట్ల కొలతల మీద గురి ఎక్కువ. ఆదివారం తెల్లారితే చాలు, మెడలో టేపు వేసుకుని వీధిలోని చెట్లన్నిటికీ నడుం కొలిచి, జాకెట్ల పుస్తకంలోనే రాసుకునేవాడు. ఒకసారి పొరపాటున వేపచెట్టు కొలతలకు రామలక్ష్మమ్మగారి జాకెట్టు కుట్టేశాడు. అందులో ఆవిడా, ఇద్దరు కోడళ్లూ సుఖంగా పట్టారు.

"ఏటి మాస్టారూ, సెట్టుకి లాగు కుడతారేటి?" అనేది చిట్టమ్మ. ఆయన కొట్టు ముందున్న నిద్రగన్నేరు కిందే ఆవిడ చేపల తట్ట.

"నవ్వకు సిట్టమ్మా. మన ఎదుగుదల ఎప్పుడో ఆగిపోనాది. సెట్టుకి సచ్చేదాకా ఆగదు. పొడుగు కొమ్మల సివర, లావు మానులో. ఏడాదికో సుట్టు."

"నాకూ ఏడాదికో సుట్టు పెరుగుతంది. నన్నూ రాసుకోండి!"

డెబ్భై ఎనిమిదో సంవత్సరం ఎండల్లో నిద్రగన్నేరు ఆకు రాల్చి ఎండు కొమ్మలతో నిలబడింది. చెట్లు కొట్టించే మేస్త్రీ సూరన్న వచ్చి చూశాడు.

"ముసిల్దైపోనాది బావా. సోమవారం కొట్టేత్తాం."

చిట్టమ్మ తట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయింది. ఆ నీడ ఇక రాకపోతే చేపలు పదింటికే పాడవుతాయి. మరో చోట కూర్చోనిచ్చేవాళ్లు లేరు.

అబ్బులు టేపు చుట్టాడు, పుస్తకం తిరగేశాడు. ఏటా అంగుళం పెరిగే నడుము రెండేళ్లుగా కదల్లేదు.

"బతికున్న సెట్టు ఆగదు. ఎవుడో బిగించేశాడు!"

బల్ల ఎక్కి చూస్తే, బెరడు మింగేసిన ఇనప తీగ. దాని రెండో కొస కొట్టు గోడ కొక్కేనికి, నడుమ 'అబ్బులు టైలర్స్' బోర్డు వేలాడుతోంది. నేరస్థుడు దొరికాడు. మెడలో టేపుతో బల్ల మీదే నిలబడి ఉన్నాడు.

"ఒక్క వాన పడనీ సూరన్నా. సిగురు రాకపోతే నానే గొడ్డలట్టుకుంతాను" అని గడువు పుచ్చుకుని, ఆ మధ్యాహ్నమే తీగ కత్తిరించి బోర్డు దింపేశాడు.

"బోర్డేది మాస్టారూ?" అంది చిట్టమ్మ.

"అచ్చరాలు సెరిగిపోనాయి. పీకేసేను."

బోర్డు లేని కొట్టును వెతుక్కునే ఓపిక లేక బేరాలు పక్క వీధికి పోయాయి. ఆయన మాత్రం రోజూ బిందెడు నీళ్లు మోసి చెట్టు మొదట్లో పోస్తూ, "దీనికి దాహమెక్కువ" అనేవాడు.

జూన్ వానకు చిగురు వచ్చింది. చూద్దామని తలెత్తిన చిట్టమ్మకు చిగురుతో పాటు, మాను చుట్టూ తీగ కోసిన గాడి కూడా కనిపించింది. దానికెదురుగా కొట్టు గోడకు ఖాళీ కొక్కెం.

మర్నాడు పొద్దున్నే హార్బరు దాకా వినపడేలా కేక లేచింది. "పండుగప్పా... వంజరాలూ... జాకెట్లూ లాగులూ, అబ్బులు మాస్టారి కొట్టు ఇదేనమ్మో!"

అబ్బులు మిషను ఆపి బయటికి పరుగెత్తాడు. "ఏటీ అరుపులు సిట్టమ్మా?"

"బోర్డు మాస్టారూ. దీనికి తీగక్కర్లేదు."