ఒక్క స్పేసు తేడా

నేనూ, ఉదయగిరిలో నాతో చదువుకున్న స్నేహితురాలూ ఆత్మకూరు బస్టాండు వెనక ఒక మేడగదిలో మూడేళ్లు కలిసి పనిచేశాం. పల్లెల్లో మంచినీళ్ల ట్యాంకుల మోటార్లు వేళకు వాటంతటవే ఆడేట్టు సాఫ్ట్‌వేరు రాసేవాళ్లం. ఏ ట్యాంకుకు ఎన్ని గంటలకు, ఎంతసేపు అనేది ఒక సెట్టింగుల ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉండాలన్న దగ్గరే మాకు తగువు వచ్చింది.

నేను యామల్ అనే ఫార్మాట్ పెడదామన్నాను. బ్రాకెట్ల గొడవ లేదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

"దాంట్లో అంతా ఖాళీలను బట్టి పోతాది మే. ఆ ఖాళీ కంటికి కనపడదు. ట్యాంకు కాడుండే ఆపరేటరన్న ఏం చూసుకుంటాడు?" అంది.

"నేర్చుకుంటాడులే" అన్నాను. కోడు రాసేది నేను కాబట్టి నా మాటే నెగ్గింది.

రెండు నెలలకు చేజర్ల దగ్గర ఒక పల్లెలో తెల్లవారి నీళ్లు రాలేదు. ఆపరేటరు టైము మారుస్తూ ఒక లైను ముందున్న స్పేసు చెరిపేశాడు. ప్రోగ్రాం ఆగిపోయింది. ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు బస్సెక్కింది.

"అంకె ఒక్కటే మార్చినాను పాపా. ఇంకేం ముట్టుకోలా" అన్నాడాయన. తప్పు తనదేనని ఆయన నమ్ముతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి అవే సెట్టింగులను టామల్ అనే ఇంకో ఫార్మాట్‌లో రాసి చూపించింది. లైనుకొక పేరు, పక్కన విలువ, అంతే.

"ఇదైతే తెలుస్తా ఉండాది. నా మాట ఒకటి రాసుకోవచ్చా?" అనడిగాడు ఆపరేటరు.

"ముందర ఈ హాష్ గుర్తు పెట్టి రాసుకో అన్నా. మిషను దాన్ని పట్టించుకోదు" అంది ఆమె.

ఆయన ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టాడు: శుక్రవారం అరగంట ముందు, దర్గాకు పొయ్యేవాళ్లు ఉంటారు.

తిరుగు బస్సులో తప్పు నాదేనన్నాను. "మార్చేద్దాం, వారం పని" అంది. ఉదయగిరిలో టీచరు ఉద్యోగం వచ్చిందనీ, పై నెలలో చేరాలనీ కూడా అప్పుడే చెప్పింది.

ఆ వారం ఫైళ్లన్నీ మార్చాం. చివరిదాన్ని నేను కావాలనే రెండు రోజులు నాన్చాను.

మొన్న కొత్త పనికి మళ్లీ ఫార్మాట్ తేల్చాల్సి వచ్చింది. నేనేది చెప్పినా ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "సరే మేడం" అంటారు. కాదనే గొంతు కోసం చెవి ఎదురుచూస్తుంది. ఆమెనే అడుగుదామని ఆదివారం ఉదయగిరి వెళ్లాను. ఆమె అన్నం పెట్టి, బళ్లో పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ వాళ్ల రాతల గురించే సాయంత్రం దాకా చెప్పింది. ఫైలు సంగతి నేను ఎత్తలేదు.