రాతి మెట్ల ముందు అక్క వేసిన కేక

పండగ సెలవులకు ఎక్కడికి వెళ్దామా అని మా చిన్నమ్మాయి, అల్లుడు వారం రోజులుగా ఫోన్లు ముందేసుకుని కూర్చుంటున్నారు. కొన్నాళ్ళు వాళ్ళతో ఉందామని నేను కువైట్ వచ్చి, అబూ హలీఫాలో వాళ్ళ ఫ్లాటు బాల్కనీలో సముద్రం చూస్తూ కాలక్షేపం చేస్తున్నాను. మొన్న సాయంత్రం అమ్మాయి ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. పొడుగాటి రాతి స్తంభాలు, వాటి వెనక వంపు తిరిగిన రాతి మెట్లు. జోర్డాన్‌లో జెరష్ అనే ఊరట, రోమనుల కాలం నాటి శిథిలాలట, హోటలు గుమ్మం ముందుకే కారు వస్తుందట, మన ఇంటి మనుషులకు మాత్రమే ఒక గైడు రోజంతా వెంట ఉండి అన్నీ చూపిస్తాడట. నేను కళ్ళజోడు సవరించుకుని ఆ మెట్లు చూసి, ఇక్కడికి నేనెప్పుడో వెళ్ళొచ్చాను, అప్పుడు మాకూ సొంత గైడే ఉన్నాడు అన్నాను. అమ్మాయీ అల్లుడూ నావంక అదోలా చూశారు. ముసలామెకు మతి తప్పిందనుకున్నారో ఏమో!

కువైట్‌లో ఆ రోజులు చూసిన నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం మొదటినుంచీ చెబుతాను. మా అక్కా నేనూ కడప జిల్లా నుంచి వచ్చి ఇదే అబూ హలీఫాలో ఒకే ఇంట్లో పనిచేసేవాళ్ళం. నాది వంటిల్లు, అక్కది పిల్లల పని. ఇంటావిడను మామా అని పిలవడం ఇక్కడి అలవాటు. మామా మేడ మీది నుంచి "చాయ్ వేన్? యల్లా!" అని కేక వేసేది, చాయ్ ఎక్కడ, తొందరగా అని. మా అక్క వంటింట్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని, గడ్డం పైకెత్తి, అచ్చు ఆ గొంతుతోనే అదే కేక వేస్తే, నేను మామాయే అనుకుని కెటిల్ పట్టుకుని మెట్లెక్కిన రోజులున్నాయి. ఒకనాడు మామా గుమ్మంలోనే నిలబడి అంతా వినేసింది. ఇక మా పని ఖలాస్ అనుకున్నాం. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, ఆ తర్వాత ఇంటికొచ్చిన చుట్టాల ముందు కూడా అక్క చేత ఆ కేక వేయించేది.

తొంభైలో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆ ఎండాకాలంలో కొన్నాళ్ళు తలుపులు వేసుకుని గడిపాక, మామా వాళ్ళు ఒక తెల్లవారుజామున కారెక్కి సౌదీ వైపు వెళ్ళిపోయారు. కారులో వాళ్ళకే చోటు చాలలేదు. మా పాస్‌పోర్టులు మా చేతిలో పెట్టి, మామా మమ్మల్ని కావలించుకుని ఏడ్చింది. ఆఖరి పిల్లవాడు పుట్టినప్పటినుంచి అక్క చేతిలోనే పెరిగాడు. వాడు అక్క మెడ వదలకపోతే, చివరికి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకువెళ్ళవలసి వచ్చింది. ఆ కారు వీధి మలుపు తిరిగిన క్షణం నుంచి మా అక్క నోట మాట లేదు.

ఆ తర్వాత బస్సుల్లో ఇరాక్ మీదుగా, సరిహద్దు దగ్గర ఎడారి గుడారాల్లో, అక్కణ్ణించి జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక బడి హాల్లో, విమానంలో మా వంతు కోసం ఎదురుచూస్తూ ఉన్నాం. అన్నిచోట్లా అక్క చెప్పిన చోట కూర్చునేది, పెట్టింది రెండు ముద్దలు తినేది, అంతే. ఇంటి దగ్గర అక్కకు నాలుగేళ్ళ కొడుకు ఉన్నాడు. తల్లి నోరు విప్పకపోతే వాడు ఆమెను తల్లి అనుకుంటాడా, బావకు నేనేం చెప్పను అని నాకు ఒకటే దిగులు.

ఆ బడికి రోజూ పొద్దున్నే వ్యానులో రొట్టెలు తెచ్చే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన జెరష్ వాడు. శిథిలాలు చూడవచ్చే విదేశీయులకు గైడుగా ఉండేవాడట. యుద్ధ భయంతో వాళ్ళు రావడం మానేస్తే, ఖాళీగా ఎందుకని అదే వ్యానులో మాకు రొట్టెలు మోస్తున్నాడు. అక్క రొట్టె అందుకుని పక్కన పెట్టేయడం ఆయన గమనిస్తూ వచ్చాడు. మా విమానం మర్నాడని తెలిసిన రోజున, ఈమెను మా ఊరు తీసుకువెళ్తాను, సాయంత్రానికి తెచ్చి దింపుతాను అన్నాడు. కువైట్‌లోనే షుఐబాలో పనిచేసి వచ్చిన కరీంనగర్ ఆయన ఒకడు మా పక్కనే ఉండేవాడు, అన్నా అని పిలిచేవాళ్ళం. ఆడవాళ్ళు ఒంటరిగా ఎందుకని ఆయన కూడా వ్యానెక్కాడు.

ఊళ్ళోకి వెళ్ళి వ్యాను ఆగింది. ఎటు చూసినా విరిగిన స్తంభాలు, కప్పుల్లేని గోడలు, కుప్పగా కూలిన రాళ్ళు. "ఇక్కడ గూడ బాంబులేసిండ్రా ఏంది?" అన్నాడు కరీంనగర్ అన్న. అక్క సీటు రెండు చేతులా పట్టుకుని దిగకుండా బిగుసుకుపోయింది. నేను నా వంటింటి అరబీలో, ఇక్కడికి సైన్యం ఎప్పుడొచ్చింది అని పెద్దాయనను అడిగాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, మళ్ళీ తనే తమాయించుకుని, వ్యాను మెట్టు మీద అక్క కాళ్ళ దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఇది కట్టినవాళ్ళు రోమనులు, పడగొట్టింది భూకంపం, తన తాతకు తాత కూడా అప్పటికి పుట్టలేదు, ఇక్కడ ఎవరూ ఎవరినీ తరమడం లేదు. అక్క ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి దిగింది.

దిగాక చూడాలి ఆయన సంబరం! అన్నాళ్ళకు చూపించడానికి మనుషులు దొరికారు గదా. రాతిబాటలో బండిచక్రాలు పడి అరిగిన గాడి చూపించాడు. మా ఊరి బండిబాటలో గాడిలాగే ఉంది, నాకు అది భలే నచ్చింది. రోమనుల గుడి దగ్గర ఒక పెద్ద స్తంభం కింద సందులో జేబులోని చెంచా దూర్చాడు. గాలికి స్తంభం ఊగుతుంటే చెంచా పైకీ కిందికీ ఆడింది. ఊగుతుంది గానీ పడదు అన్నాడు. అక్క వంగి ఆ చెంచానే చూస్తూ ఉండిపోయింది, కదలమంటే కదలదు.

చివరికి ఈ ఫోటోలోని మెట్ల దగ్గరికి తెచ్చాడు. పూర్వం అక్కడ నాటకాలు ఆడేవారట. కింద నడిమధ్య ఒక రాయి ఉంది, దాని మీద నిలబడి మాట్లాడితే పై మెట్టు దాకా వినిపిస్తుందని చెప్పి, తను చకచకా పైకెక్కి, ఒక్కొక్కరే మాట్లాడండి అని చెయ్యి ఊపాడు. కరీంనగర్ అన్న నిలబడి, "ఏమే, రేపొస్తున్ననే! చాపలకూర వండిపెట్టు!" అని ఇంటిదాన్ని పిలిచాడు. నా వంతు వస్తే సిగ్గేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు అక్క నన్ను భుజంతో పక్కకు నెట్టింది. రాయి మీద నిలబడింది. నడుం మీద చెయ్యి పెట్టింది. గడ్డం పైకెత్తింది.

"చాయ్ వేన్? యల్లా!"

మామా గొంతే! ఆ రాళ్ళన్నీ మోగాయి. పై మెట్టు మీద పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, "హాదిర్, మామా!" అన్నాడు, చిత్తం అమ్మగారూ అని. ముగ్గురం నవ్వీ నవ్వీ ఆ రాళ్ళ మీదే కూలబడ్డాం. నవ్వుతూనే అక్క కళ్ళు తుడుచుకుని, "ఆ బిడ్డ ఇప్పుడు ఎవురి సేత్తో తింటాండాడో పాపా" అంది. పాప అంటే నేనే, అన్నాళ్ళకు నాతో అన్న మొదటి మాట. నేను ఆమెను గట్టిగా పట్టుకున్నాను. పెద్దాయన వ్యాను దగ్గర ఫ్లాస్కులోంచి నిజంగానే చాయ్ పోసి, మొదటి గ్లాసు అక్కకే ఇచ్చాడు. కువైట్‌లో అడుగుపెట్టాక, నేను గాక ఇంకొకరు ఆమెకు చాయ్ పోసి ఇవ్వడం అదే మొదలు. అక్క కాలు మీద కాలు వేసుకుని తాగింది.

మామా వాళ్ళ ఇల్లు ఉన్న చోట ఇప్పుడు అద్దాల కిటికీల భవంతి లేచింది. ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో, పెద్దాయన బతికి ఉన్నాడో లేదో తెలియదు, ఆయన పేరు అడగాలని కూడా మాకు తోచలేదు. ఇప్పుడు గైడు ముఖం, పేరు, ఎన్ని భాషలు వచ్చో అన్నీ ముందే ఫోనులో కనిపిస్తాయి. అది మంచిదే. అయినా రొట్టె తినని మనిషిని గమనించి, నా వెంట రా అని పిలిచే గైడు ఏ ఫోనులో దొరుకుతాడు?

ఇదంతా విన్నాక అమ్మాయీ అల్లుడూ జెరష్‌కే వెళ్దామన్నారు. రాయచోటిలో ఉన్న అక్కకు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. పాపం, మోకాళ్ళు అరిగిపోయి గడప దాటడం లేదు. నేను రాలేను గదా అని బాధపడుతుందనుకున్నాను. "నువ్వు ఆడికి పోయినాక ఫోను ఆ రాయి మింద పెట్టు. నేనే పిలుస్తా" అంది. పిలుస్తుంది సరే, పై మెట్టు దాకా ఎక్కి హాదిర్ అనవలసింది ఇక నేనే. అందుకని నా మోకాళ్ళకు ఇప్పటినుంచే తైలం పట్టిస్తున్నాను.