పాటు వేళ బేరం

మాది జనగామలో బట్టల దుకాణం. గిరాకీ రెండు చీరల మధ్య ఊగుతుంటే నాన్న ఒకదాని మీద అరచెయ్యి పెట్టి, "ఇదే ఆఖరు పీసు తల్లీ, మళ్ల వస్తదో రాదో" అనేవాడు. ఆమె కొనుక్కుని మెట్లు దిగగానే లోపలి గదిలోంచి ఇంకో ఆఖరు పీసు తెచ్చి అక్కడ పెట్టడం నా పని. తొందరపెట్టేవాడు అబద్ధమాడుతున్నాడని పన్నెండేళ్లకే నాకు బోధపడింది. ఆ ఒక్క జ్ఞానానికే రాయదుర్గంలో ఒక కంపెనీ ఇరవై ఏళ్లుగా నాకు జీతమిస్తోంది. కుర్చీలు అమ్మేవాళ్లూ కంప్యూటర్లు అమ్మేవాళ్లూ వచ్చి "ఈ రేటు శుక్రవారం వరకే మేడం" అంటారు. నేను టీ తెప్పించి, సోమవారం దాకా ఆగి, అదే రేటుకు తీసుకుంటాను.

కిందటి చలికాలం సముద్రం చూద్దామని, వారాంతపు యాత్రలు నడిపేవాళ్ల వ్యానులో సీటు తీసుకున్నాను. ఒకరికొకరు తెలియని పన్నెండు మందిమి. శనివారం తెల్లవారేసరికి బాపట్ల దాటాం. సర్వి తోటలు, రొయ్యల చెరువుల్లో తిరిగే చక్రాలు, రోడ్డు పక్కనే ఆరబోసిన చేపలు. తోటి ప్రయాణికులు వాటిని ఫోన్లలోంచి చూస్తున్నారు. ఒకాయన ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, సముద్రం కనిపించినప్పుడల్లా మైకు ఆపి "అబ్బా" అని, మళ్లీ మీటింగులోకి వెళ్లిపోతున్నాడు.

నా పక్క సీటులో యాభై దాటిన నర్సు ఒకామె కూర్చుంది. ఊరు ఈ తీరమే, ఉద్యోగం కొండాపూర్‌లో. ఒళ్లో కేకు పెట్టె. దాన్ని రాత్రంతా కింద పెట్టలేదు. ఎవరికని అడిగాను.

"మా అక్కకండి. నన్ను పెంచింది తనే. తను చూసిన సంబంధం కాదని నేను వేరే చేసుకున్నానని ఆరేళ్లుగా మాట్లాట్లేదు. మొన్న తనే ఫోన్ చేసింది, ఓసారి వచ్చి కనపడవే అని."

అక్క ఉండేది ఏటిపాయకు అవతల, ఇసుక దిబ్బ మీది పల్లెలో. వ్యాను భోజనానికి ఆగే చోటి నుంచి పడవ మీద దాటాలి. ఆదివారం పొద్దున ఈమె డ్యూటీలో ఉండాలి. మళ్లీ సెలవు ఎప్పుడిస్తారో తెలియదు.

"నేను కూడ వస్త. పడవ సంగతి నాకిడిసిపెట్టండి" అన్నాను. అవతల మనిషి అడుగు పడని బీచి ఉందని డ్రైవరు చెప్పాడు. అక్కడ కాసేపు ఒంటరిగా నడవాలని నా ఆశ.

మిగతావాళ్లు చేపల పులుసు దగ్గర ఆగిపోయారు. మేమిద్దరం రేవుకు వెళ్లాం. మడచెట్ల పక్కన పడవవాడు గెడ పట్టుకుని నిలబడ్డాడు. అవతలి ఒడ్డున నీలం చీరలో ఒక మనిషి. "అక్కే" అంటూ నర్సు చెయ్యెత్తింది. ఆమె ఎత్తలేదు గానీ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"అరగంటలో మళ్లీ ఎక్కేయాలండి. పాటు మొదలైపోయింది. నీళ్లు సముద్రంలోకి తీసేస్తే పడవ బురదలో కూర్చుండిపోద్ది" అన్నాడు పడవవాడు.

నాకు నాన్న అరచెయ్యి కనిపించింది.

"అరగంటకు ఏమొస్తది అన్నా? గంట ఆగు. నీకేం పోతది?"

"నాకేం పోదమ్మా. నీళ్లే పోతాయి."

"గట్లనే అంటరు అందరు."

"అరగంట చాలండి నాకు" అంది నర్సు.

"మీరు జర ఊకోండి" అని, నేను పడవకు వీపు చేసి ఇసుకలో కూర్చున్నాను. తొందర లేదని చూపించడం ఈ విద్యలో మొదటి పాఠం. ఈలోగా పల్లె ఆడవాళ్లతో ఒక పడవ దాటిపోయింది. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. "ఇందులో ఎక్కేస్తానండి" అంటూ నర్సు చెప్పులు చేతిలోకి తీసుకుంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఇప్పుడెక్కితే నా మాటకు విలువుండదు. రెండు నిమిషాలు. వాడే దిగొస్తడు."

ఆ పడవా వెళ్లిపోయింది. రెండు నిమిషాలు అరగంటయ్యాక నిజంగానే దిగొచ్చాడు. గెడ పడవలో పడేసి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సరేనమ్మా, గంట. రెండు గంటలైనా తీసుకోండి. ఎక్కండి."

గెలిచాననుకుని వెనక్కి తిరిగాను. పడవ బురద మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. పాయ నడుమ నీళ్లు సన్నటి చారలా మిగిలాయి. ఆ బురదలో చిన్న చిన్న పీతలు అప్పుడే బయటికొచ్చి తిరుగుతున్నాయి.

"నడిచి పోలేమా?" అన్నాను.

"నడుం దాకా దిగబడిపోతారు. మళ్లీ పోటు వచ్చేసరికి చీకటి పడుద్ది." అప్పటిదాకా వ్యాను ఆగదు.

నర్సు ఫోన్ తీసింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరికొకరు కనిపిస్తూనే ఫోన్లో మాట్లాడుకున్నారు. అక్క గొంతు నాకూ వినిపించింది.

"ఏంటే, అక్కడే నిలబడ్డావ్?"

"పడవ దొరకలేదక్కా."

"నా కళ్ల ముందే రెండొచ్చినాయి కదే."

నర్సు నావైపు చూడలేదు. ఆమె నన్ను చూపించి ఉంటే, ఆ ఒడ్డునుంచి నాలుగు తిట్లు తిని బయటపడేదాన్ని. "నిండిపోయినాయక్కా" అంది.

"ఇష్టం లేకపోతే రానని చెప్పాల్సింది" అంది అక్క. నీలం చీర ఇళ్ల వైపు నడిచి పోయింది. నర్సు మళ్లీ నాలుగుసార్లు చేసింది. ఎత్తలేదు.

వ్యానులో ఆమె కేకు కోసి అందరికీ పంచింది. వద్దంటే బాగుండదని నేనూ తీసుకున్నాను. బాగుంది, మొత్తం తిన్నాను.

చీరాల వచ్చేసరికి మాటలు సర్దుకుని అన్నాను. "మీ అక్క నంబరియ్యండి. తప్పు నాదని నేనే చెప్త."

"ఏమని చెబుతారండి?"

"నేనే ఆపిన అని. మీ కోసమే గంట అడిగిన, గిట్లయితదనుకోలే అని."

"నా కోసమాండి?"

కిటికీ అవతల సర్వి తోటలు వెనక్కి పోతున్నాయి.

"వద్దులెండి. మీరు చెబితే అదీ తగ్గించే చెబుతారు" అంది. కోపంగా అనలేదు. రోగికి జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

దారిలో ఆగుతూ ఆగుతూ వ్యాను ఆదివారం పొద్దునకు కొండాపూర్ చేరింది. ఆమె ఆసుపత్రి గేటు ముందే దిగింది. ఇల్లు పోయి వచ్చేంత దగ్గర కాదట. డ్యూటీకి ఇంకా గంటన్నర ఉంది. సెక్యూరిటీ కుర్చీ పక్కనున్న సిమెంటు దిమ్మె మీద, ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.