చీకట్లో కూడా కనిపించే మొహం

మా రోజుల్లో మగపిల్లాడు అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడితే ఇంట్లోవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. ఇప్పుడు మా అబ్బాయి బాత్‌రూమ్ అరలో వరసగా పెట్టిన సీసాలు చూస్తే నాకు మందుల దుకాణం గుర్తొస్తుంది. పొద్దున రాసుకునేది వేరు, పడుకునే ముందు రాసుకునేది వేరు, ఎండలోకి వెళ్లేటప్పుడు ఇంకోటి. (వాడి జోలికి నేను వెళ్లను. ఆ హక్కు నాకెందుకు లేదో చదివితే మీకే తెలుస్తుంది.) మాకు మాత్రం ఒంటికి రుద్దుకునే సబ్బే మొహానికీ, పెళ్లికో పేరంటానికో వెళ్తే చిటికెడు పౌడరు, అంతే. అలాంటి కాలంలో నాకు నా మొహం మీద కోపమొచ్చి, దానితో ఒక చలికాలమంతా తగువు పడ్డాను. గెలిచాను కూడా. ఆ ఒక్కసారి ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

మాది ఉస్మాన్‌గంజ్‌లో నూనె దుకాణం. పల్లి నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె పీపాల్లో వచ్చేవి, డబ్బాల్లో పోయేవి. మా నాయన మొహం ఎప్పుడు చూసినా నిగనిగలాడుతూ ఉండేది. ఆ మొహమే అచ్చు గుద్దినట్టు నాకొచ్చింది. పొద్దున కడుక్కుంటే టిఫిను తినేలోపు నుదురూ ముక్కూ గడ్డమూ మెరవడం మొదలయ్యేది. బస్సులో కిటికీకి తల ఆనించి కునుకు తీస్తే అద్దం మీద గుండ్రంగా మరక పడేది. కోఠిలో చదువుకున్నన్నాళ్లూ దోస్తులు నన్ను 'డబ్బా' అనే పిలిచారు. ఈ బాధ నాయనకు చెప్పుకుంటే, భుజం మీది తువ్వాలతో తన మొహం ఒకసారి తుడుచుకుని, "నూనె అమ్మెటోని మొఖం ఎండిపోయి ఉంటె గిరాకి నమ్ముతదారా? మనకు బోర్డు ఖర్చు తప్పింది" అని హాయిగా నవ్వేవాడు. ఆయన నవ్వితే ఎదుటివాడు కూడా నవ్వాల్సిందే. ఆ నవ్వు కూడా నాకు వచ్చిందనే అందరూ అనేవారు కానీ, నా దృష్టంతా ఆ మెరుపు మీదే ఉండేది.

నూనె వ్యాపారం నావల్ల కాదని, డిగ్రీ కాగానే ఆబిడ్స్‌లో ఒక పెద్ద అంగీల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాను. (నూనెను ఉస్మాన్‌గంజ్‌లో వదిలేశాననుకున్నాను. అది నాకంటే ముందే బస్సెక్కి ఆబిడ్స్ వచ్చింది.) దుకాణంలో ఎటు చూసినా అద్దాలు, పైన బారెడు బారెడు ట్యూబ్‌లైట్లు. పక్కన ప్యాంట్ల కౌంటర్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం చాచా అనేవాళ్లం. చేరిన వారంలోనే ఆయన నన్ను పక్కకు పిలిచి, "బేటా, నీ నుదుటి మీద ట్యూబ్‌లైట్ సాఫ్‌గ కనవడుతున్నది. తెల్ల అంగీలు చూపిచ్చేటప్పుడు జర దూరం నిలవడు" అన్నాడు. మంచి మాటగానే అన్నాడు గానీ, ఆ రోజు నుంచి నేను తెల్ల అంగీలను రెండు వేళ్లతో పట్టుకుని చూపించేవాణ్ని.

వానాకాలం చివర్లో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, ఒక పెద్దమనిషి కూతురిని వెంటబెట్టుకుని అంగీ కొనడానికి వచ్చాడు. ఆయన బూడిద రంగు అంగీ దగ్గరే ఆగిపోయాడు. "ఎప్పుడు గిదే రంగేనా బాపూ? జర నీలం చూడు" అని ఆ అమ్మాయి పట్టుబట్టింది. నేను నీలం అంగీ విప్పి పరిచానో లేదో, కరెంటు పోయింది. చాచా కొవ్వొత్తి వెలిగించి తెచ్చి నా కౌంటర్ మీదే పెట్టాడు. ఆ వెలుగు మిగతా దుకాణాన్నంతా వదిలేసి వచ్చి నా నుదుటి మీద కూర్చుంది. ఎదురద్దంలో చూసుకున్నాను. చీకట్లో కొవ్వొత్తి, దాని పక్కన నా మొహం, వెనకద్దంలో మళ్లీ నా మొహం. ఆ అమ్మాయి నా వైపు చూసింది, చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఇక ఆగక చెయ్యి తీసేసి గలగలా నవ్వేసింది. ఆ నవ్వు ఎంత బాగుందంటే, అది నా మీద కాకపోయి ఉంటే నేను కూడా కలిసి నవ్వేవాణ్ని. నీలం అంగీ కట్టించుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఇంత మంచి అమ్మాయి ఇలాంటి మొహం చూసి నవ్వక ఏం చేస్తుందిలే అనుకుంటూ బస్సెక్కాను.

మరునాడే మొదలుపెట్టాను. మొదట చేతులు కడుక్కునే ఎర్ర సబ్బు. దానితో తోమితే చర్మం వేలికింద కిర్రుమనేది, ఆహా అనుకునేవాణ్ని. గంట తిరిగేసరికి నూనె మళ్లీ హాజరు. మళ్లీ తోమేవాణ్ని. గిరాకీకీ గిరాకీకీ మధ్య కుళాయి దగ్గరికి పరిగెత్తడం చూసి, "ఏందిరా, నీ కౌంటర్ నల్ల కాడికి మార్పియ్యాల్నా?" అని చాచా అడిగాడు. తర్వాత జాలిపడి, "ముల్తానీ మట్టి పెట్టుకో బేటా, నిమ్మకాయ పిండుకో. మంచిగ ఆరనియ్" అన్నాడు. ఆయన మామూలుగా ఆరనివ్వమన్నాడు. నేను ఫ్యాను కింద కూర్చుని, మట్టి బీటలు వారి, నోరు తెరవడం కష్టమై, అమ్మ పిలిస్తే ముక్కుతో పలికేదాకా ఆరనిచ్చేవాణ్ని. అదీ చాలక, దవాఖానలో సూది వేసే ముందు రాసే స్పిరిట్ సీసా కొనుక్కుని దూదితో మొహమంతా తుడవడం నేర్చుకున్నాను. (దీనికి చాచా బాధ్యుడు కాడు. ఈ తెలివి పూర్తిగా నాదే.) చలి మొదలైంది, మొహం పగులుతోంది, కాస్త మీగడ రాసుకోమని అమ్మ గిన్నె పట్టుకుని వెంటపడితే, "ఉన్న జిడ్డు పోక నేను చస్తుంటె మళ్లా జిడ్డా?" అని కసిరాను. నాయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఏందిరా, గానుగ బందు పెట్టినవా?" అన్నాడు.

బందు పెట్టాను. చలి ముదిరేసరికి నా మొహం మీద మెరుపన్నది లేదు. బుగ్గల మీద తెల్లగా పొట్టు లేచేది, పెదవుల కొసలు చీలేవి. నవ్వబోతే చర్మం ఇరుకు చొక్కాలాగా పట్టేసేది. అయినా అద్దంలో ట్యూబ్‌లైట్ కనిపించడం లేదు కదా, అదే పదివేలు అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే చిన్నమ్మ ఒక ఫోటో తెచ్చింది. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. మా చుట్టాల్లో సగం పెళ్లిళ్లు ఆవిడ చేతుల మీదుగా జరిగినవే. "చాదర్‌ఘాట్‌ల బడి సారు బిడ్డ. నీ ఫోటో వాళ్లకిచ్చిన. పిల్ల సరే అన్నదంట" అంది. ఫోటో చూస్తే, ఆ అమ్మాయే! నీలం అంగీ అమ్మాయి! వాళ్లకిచ్చిన నా ఫోటో తగువుకు ముందు తీయించుకున్నది. స్టూడియో లైట్లకు అందులో నా మొహం దీపావళిలా ఉంటుంది. అది చూసి కూడా సరే అందంటే, దుకాణంలో తను నవ్విన మొహం ఇదేనని గుర్తుపట్టలేదన్నమాట! ఇంకేం, ఆ మెరుపు ఒక్కటి కనబడకుండా చూసుకుంటే ఇక ఎప్పటికీ గుర్తుపట్టదు. నా లెక్క నాకు ఎంతో సబబుగా తోచింది. ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ వద్దని కూడా ఆ క్షణమే అనిపించింది.

అప్పట్లో మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఇంటికొచ్చి చూసుకున్నాక కాదంటే రెండిళ్లకూ నామోషీ అని, ముందు బయటెక్కడైనా 'అనుకోకుండా' ఎదురుపడేవారు. మాకు నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌లో ఆదివారం మధ్యాహ్నం అనుకోకుండా ఎదురుపడాలని ముహూర్తం పెట్టారు. "నువ్వేం మాట్లాడకు, మాట్లాడెతందుకు మేమున్నం" అని చిన్నమ్మ నాకు పాఠం చెప్పింది. "పిల్ల నీ దిక్కు చూసినప్పుడు జర నవ్వు. నీది మీ నాయిన నవ్వు. గదొక్కటి చాలు, ఫికర్ చెయ్యకు."

అంటే నేను చేయాల్సిన పని అదొక్కటే. ఆ పనికి కావాల్సిన సరంజామాను ఆ పొద్దుటే స్వయంగా పాడుచేసుకున్నాను. మట్టి ఒకసారి, స్పిరిట్ రెండుసార్లు. నాంపల్లికి ఆటోలో వెళ్తుంటే చలిగాలి మొహానికి కొట్టి, మిగిలిందేదో అది కూడా పట్టుకుపోయింది.

గార్డెన్‌లో పట్టుచీర కట్టుకున్న చిన్నమ్మ, పట్టుచీర కట్టుకున్న అమ్మాయి వాళ్లమ్మను చూసి, "అరె! మీరు గూడ వచ్చిన్రా?" అని ఆశ్చర్యపోయింది. "ఔ, గిట్ల గాలికని వచ్చినం" అని సారు కూడా అంతే ఆశ్చర్యపోయాడు. ఆయన ఒంటి మీద అదే నీలం అంగీ! అది చూసి నాకు చెమట పట్టాల్సింది, పట్టడానికి మొహంలో తడి ఉంటే కదా. అంగీని చూసి అమ్మాయికి దుకాణం, దుకాణంతో పాటు నేనూ గుర్తొస్తామేమోనని పక్కకు తిరిగి చెట్టు చూడసాగాను. పెద్దవాళ్లు నాలుగడుగులు ముందుకు నడిచారు. అమ్మాయి నా పక్కకొచ్చి, కళ్లెత్తి నన్ను చూసి, "మీ దుకాణంల కరెంటు వచ్చిందా?" అంది. అని నవ్వింది. అదే నవ్వు.

నేను నవ్వబోయాను. నిజంగా, మనసారా నవ్వబోయాను. బుగ్గలు కదల్లేదు. బలవంతంగా లాగేసరికి కింది పెదవి చిట్లి, నోట్లో ఉప్పగా తగిలింది. చప్పున మూతి బిగించి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, పళ్లు విడదీయకుండా "వచ్చింది" అన్నాను. కరెంటు ఆఫీసులో ఉద్యోగి కూడా అంత ముభావంగా చెప్పడు. ఆమె ఇంకా కాసేపు నా మొహంలోకి చూస్తూ నిలబడింది. తర్వాత ఆమె నవ్వు మెల్లగా తగ్గిపోయింది. చీర కొంగు సర్దుకుని వాళ్లమ్మ దగ్గరికి నడిచింది. చిన్నమ్మ వెనక్కొచ్చి నా మోచేయి గిల్లి, "నవ్వురా!" అంది. నావల్ల కాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "ఎవరన్న సచ్చిన్రా? గా మొఖమేందిరా?" అని దారి పొడుగునా తిట్టింది.

వారానికి కబురొచ్చింది. పోరడు మంచోడే గానీ నవ్వే మనిషి కాదట, పిల్లకు భయమైందట. నన్ను ఎవరైనా ఎన్నైనా అనొచ్చు, మా నాయన కొడుకును పట్టుకుని నవ్వే మనిషి కాదంటే ఉస్మాన్‌గంజ్‌లో ఎవరూ నమ్మలేదు. నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పెదవి పుండై, తిందామన్నా తినలేకపోయాను లెండి.

అమ్మ నన్ను ఆబిడ్స్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపింది. ఆవిడ కోస్తా వైపు ఆవిడ. నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏం చేశావయ్యా ఈ మొహాన్ని?" అంది. సబ్బు నుంచి స్పిరిట్ దాకా అన్నీ చెప్పాను. "ఆ నూనె నీ చర్మాన్ని కాపాడటానికి వస్తోందయ్యా. నువ్వలా తోమి పారేస్తే చర్మం పగలక ఏమవుతుంది? జిడ్డు మొహమైనా దానికీ తడి కావాలి. పొద్దునోసారి, సాయంత్రమోసారి మెత్తటి సబ్బుతో కడుగు. తడి ఆరకముందే పల్చటి క్రీము రాయి. మధ్యలో మెరిస్తే రుమాలుతో అద్దుకో, రుద్దకు. ఇంక దాని జోలికి పోకు" అంది. (తువ్వాలతో ఒకసారి తుడుచుకుని ఊరుకునే మా నాయన గుర్తొచ్చాడు.) నెల తిరిగేసరికి పొట్టు పోయింది, పెదవి మానింది, కాస్త మెరుపు కూడా తిరిగొచ్చింది. నవ్వూ వచ్చింది గానీ, దాన్ని ఎవరికి చూపించాలో వాళ్లు దాటిపోయారు.

ఎండాకాలంలో చుట్టాల పెళ్లిలో భోజనాల దగ్గర చిన్నమ్మ నా పక్కన కూర్చుని, మాటల్లో మాటగా, "గా సారు బిడ్డకు పెండ్లి కుదిరిందంట" అంది. విస్తట్లో అన్నం కలుపుకుంటూ, "ఆ పిల్ల నీ ఫోటో చూసి ఏమన్నదో ఎరుకనా? 'గీయన నాకు తెల్సు. చీకట్ల గూడ కనవడే మొఖం. ఎంతమందిల ఉన్నా తప్పిపోడు' అన్నదంట. గందుకే సరే అన్నదంట" అంది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎక్కిరించిందేమో అనుకున్నరా. నీకు బాధైతదని చెప్పలె" అంది చిన్నమ్మ. అప్పుడు తెలిసింది, దుకాణంలో ఆ నవ్వు ఏమిటో, సారు ఒంటి మీద ఆ నీలం అంగీ ఎవరు వేయించారో. నాకు ఏడుపొచ్చేసింది. పచ్చడి కారంగా ఉందేమోనని ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు.

తర్వాత నాకూ పెళ్లయింది. మా ఆవిడకు ఈ కథంతా తెలుసు, నేను ఎప్పుడైనా మూతి బిగిస్తే "కరెంటు వచ్చిందా?" అని అడుగుతుంది. మేం బాగానే ఉన్నాం. వయసుతో పాటు గానుగ కూడా నెమ్మదించింది. ఇప్పుడు నా మొహం మెరిసేది నడివేసవిలో మాత్రమే.

మొన్న వేసవిలో ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తుంటే, పక్కన గలగలమని నవ్వు వినిపించింది. తల తిప్పకముందే తెలిసిపోయింది. జుట్టు నెరిసింది, కళ్లద్దాలొచ్చాయి. పక్కన ఉన్నది కూతురై ఉంటుంది. నేను ఆమె వైపు తిరిగి నవ్వాను. బుగ్గలు కదిలాయి, పెదవులు విచ్చుకున్నాయి, ఎక్కడా చిట్లలేదు. అచ్చం మా నాయన నవ్వు. ఆమె నన్ను చూసి, చేతిలోని లావుపాటి డిక్షనరీ నా ముందుకు చాపి, "గిది ఎంతకిస్తరు?" అంది.

"నాది కాదమ్మా, ఆయనది" అని గొడుగు కింద కూర్చున్నతన్ని చూపించాను.

"అయ్యో, మాఫ్ చెయ్యున్రి. నవ్వుతున్నరు గదా, మీదే అనుకున్న" అని తనూ నవ్వి, అటు వెళ్లింది.

ఇంటికొచ్చి ఫ్యాను కింద కూర్చున్నాను. ఎర్ర సబ్బు పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తే ఆ పిల్లాడు కళ్లముందు మెదిలాడు. పోనీలే పాపం అని వాణ్ని చూసి నవ్వుకున్నాను. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చిచ్చి, నా మొహం చూసి, "జిడ్డు కారుతున్నది, పోయి మొఖం కడుక్కోరాదు?" అంది.

"ఉండనీ జర సేపు" అన్నాను.